ఛాన్సు వేరు, అదృష్టం వేరు
(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, డి.ఏ. బకాయిల మీద, వైద్యం బిల్లుల మీద మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు కాస్త భాష గురించి మాట్లాడండి, మధ్య మధ్య నవ్వించండి" అన్నారు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. నేను పాఠం చెబుతుంటే పిల్లలు నిద్రపోయారు గానీ నవ్వినట్టు గుర్తు లేదు. అయినా పెద్దవారి మాట కాదనలేక ఒప్పుకున్నాను.

ఈ రోజు నేను చెప్పబోయేది అదృష్టం గురించి. జ్యోతిషం కాదు, భయపడకండి. అదృష్టాన్ని ఏ భాషవాళ్ళు ఏ మాటతో చెబుతారు, ఆ మాటలు ఒక భాష నుంచి ఇంకో భాషకు మోసుకుపోతే ఏం జరుగుతుంది అన్నది నా విషయం.

ఇది నాకు తట్టడానికి కారణం మా మనవరాలు. మా అమ్మాయి, అల్లుడు కెనడాలో మాంట్రియల్ నగరంలో ఉంటారు. కెనడా అనగానే ఇంగ్లీషు దేశం అనుకుంటాం. కానీ మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో ఫ్రెంచి అధికార భాష. 1977లో వారు చేసుకున్న భాషా చట్టం ప్రకారం, బయటి నుంచి వచ్చి స్థిరపడినవారి పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బళ్ళలోనే చదవాలి. ఇంగ్లీషు అక్కడ ఒక సబ్జెక్టు మాత్రమే, మన కాలంలో మన బళ్ళలో ఉన్నట్టు. అందుచేత మా పిల్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఫ్రెంచి, ఆ పైన ఇంగ్లీషు.

తెలుగువాళ్ళకు ఫ్రెంచి కొత్త కాదు. కాకినాడకు దగ్గరలో ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. 19వ శతాబ్దంలో కూలి పనికి ఓడలెక్కి మారిషస్ వెళ్ళిన తెలుగువారి సంతతి ఈ రోజు ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ మాట్లాడుతూ బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటుంది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఆ దేశంలోనే. కాబట్టి నేను చెప్పబోయే చిక్కు మా ఇంటి పిల్ల ఒక్కదానిదే కాదు.

మొన్న జులైలో ఆ పిల్ల సెలవులకు గిద్దలూరు వచ్చింది. పదిహేనేళ్ళది. "నాన్నా, దానికి ఇంగ్లీషు కాస్త దిద్దండి" అని మా అమ్మాయి పని అప్పగించింది. పదవీ విరమణ చేసి పదహారేళ్ళయినా ఎర్ర సిరా పెన్ను మాత్రం నా జేబులోంచి పోలేదు. సంతోషంగా ఒప్పుకున్నాను.

మొదటి పాఠం బస్టాండులో మొదలైంది. నంద్యాల వెళ్దామని పోయేసరికి బస్సు కదులుతోంది. కండక్టరు చూసి ఆపాడు. ఎక్కగానే ఇద్దరికీ సీట్లు దొరికాయి. పిల్ల సంబరంగా ఇంగ్లీషులో, "తాతా, వీ హాడ్ ఛాన్స్!" అంది. దాని ఉద్దేశం, మన అదృష్టం బాగుంది అని. ఆ మాట ఇంగ్లీషువాడు వింటే, అవకాశం వచ్చింది గానీ ఏమైందో ఏమో అని మిగతా వాక్యం కోసం ఎదురు చూస్తాడు.

ఎందుకంటే ఫ్రెంచిలోనూ ఆ మాట ఉంది, స్పెల్లింగు కూడా అదే. పలకడం మాత్రం "షాన్స్". వారికి షాన్స్ అంటే అదృష్టం. పరీక్షకు పోయేవాడికి "బోన్ షాన్స్" అని చెబుతారు. అదే సందర్భంలో ఇంగ్లీషువాడు "గుడ్ లక్" అంటాడు, గుడ్ ఛాన్స్ అనడు. ఇంగ్లీషులో ఛాన్స్ అంటే ముఖ్యంగా రెండు: జరగడానికి వీలుండటం, అవకాశం. "ఛాన్స్ ఆఫ్ రెయిన్" అంటే వాన పడవచ్చు అని మాత్రమే. వేరుశనగ కాయలు కళ్ళంలో ఆరబోసుకున్నవాడికి ఆ ఛాన్సు అదృష్టమవుతుందా చెప్పండి! మన తెలుగువాళ్ళం ఆ మాటను తెచ్చుకుని "సినిమాలో ఛాన్సు వచ్చింది" అంటే అవకాశమనీ, "ఛాన్సే లేదు" అంటే వీల్లేదనీ వాడుకుంటున్నాం. మనం ఇంగ్లీషు వైపు ఉన్నాం, మా మనవరాలు ఫ్రెంచి వైపు ఉంది.

మాట మాత్రం ఒక్కటే. లాటిన్‌లో పడటం అనే అర్థమున్న క్రియ నుంచి అది పుట్టింది. పాచికలు ఎలా పడితే అలా అన్నమాట. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. మన తెలుగు కూడా ఇందులో తక్కువేమీ తినలేదు. చీటీ పడింది అంటాం, పందెం పడింది అంటాం, గవ్వలు పడ్డాయి అంటాం, మన ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద అదృష్టాన్ని వాన పడింది అంటాం. మన చేతిలో లేనిదంతా పైనుంచి పడేదే.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న మార్కాపురం రాతి పలక తీశాను. నిజం రాయితో చేసిన పలక అని తెలిసి పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసింది. మూడు నిలువు గళ్ళు గీసి, ఫ్రెంచి, ఇంగ్లీషు, తెలుగు అని పెట్టాను. ఆ నెలంతా ఆ గళ్ళు నింపడమే మా పని.

రెండో రోజే ఇంకో దొంగ మాట దొరికింది. "బజారులో ఒకావిడ బై హజార్డ్ కలిసింది" అని ఇంగ్లీషులో రాసింది. ఫ్రెంచిలో "పార్ అజార్" అంటే అనుకోకుండా, కాకతాళీయంగా అని. అదే స్పెల్లింగుకు ఒక అక్షరం మారితే ఇంగ్లీషులో హజార్డ్, అంటే ప్రమాదం! నల్లమల ఘాట్‌లో గ్యాసు లారీ వెనక కనిపించే మాట అది. ఆ పెద్దావిడ ఎవరో గానీ పాపం, పిల్ల రాతలో ప్రమాదంగా మారిపోయింది. ఇదీ ఒక పాత పాచికల ఆట పేరే. ఆటలో ఫ్రెంచివాడు అనుకోకపోవడాన్ని ఉంచుకున్నాడు, ఇంగ్లీషువాడు నష్టభయాన్ని ఉంచుకున్నాడు.

కాకతాళీయం అన్నాను గనుక అదేమిటని అడిగింది. కాకి తాటిచెట్టు మీద వాలిందట, అదే క్షణంలో పండు రాలిందట, రెంటికీ సంబంధం లేదు అని చెప్పాను. వెంటనే మా ఇంటావిడ వంటింట్లోంచి, "ఆ పండే కింద మూలుగుతున్న నక్క మీద పడి ఉంటుంది" అంది. మూలిగే నక్క మీద తాటిపండు! ఒకే తాటిపండుతో మనవాళ్ళు రెండు సామెతలు పండించారు. కష్టం మీద కష్టం వచ్చినప్పుడు ఇంగ్లీషువాడు "వాన పడదు, పడితే కుంభవృష్టే" అనే అర్థం వచ్చేలా "ఇట్ నెవర్ రెయిన్స్ బట్ ఇట్ పోర్స్" అంటాడు. వాన ఎక్కువై వాళ్ళకు కష్టమైంది. ఆకాశం కేసి చూస్తూ బతికిన మన ఊళ్ళలో ఆ సామెత పుట్టేది కాదు.

అదృష్టవంతుణ్ణి నక్క తోక తొక్కివచ్చాడు అంటామని చెబితే పిల్ల పగలబడి నవ్వింది. "మా దగ్గర నక్క కాదు తాతా, కుక్క" అంది. ఫ్రెంచివారి నమ్మకం ప్రకారం ఎడమకాలితో కుక్క పెంట తొక్కితే అదృష్టమట. కుడికాలితో తొక్కితే లాభం లేదు. ఆ లెక్కన మన గిద్దలూరు వీధుల్లో పొద్దున వాకింగుకు పోయే పెన్షనర్లందరం సగం అదృష్టవంతులమే.

అన్నీ తేడాలే అనుకోకండి. కలిసేవీ ఉన్నాయి. మంచి మాట అనగానే దిష్టి తగలకుండా ఇంగ్లీషువాడు "టచ్ వుడ్" అని కర్రను తాకుతాడు. ఫ్రెంచివాడూ కర్రనే తాకుతాడు. వేళ్ళు మెలివేసి మంచి జరగాలని కోరుకోవడం ఇద్దరికీ ఉంది. ఇలాంటివి పిల్లకు ఒక్కసారి చెబితే వచ్చేశాయి. మాట కలిసి భావమూ కలిస్తే పాఠం అక్కర్లేదు. మాట కలిసి భావం కలవకపోతేనే గురువు కావాలి.

నాటకం వేయబోయే స్నేహితుడికి ఇంగ్లీషువాడు "బ్రేక్ ఎ లెగ్" అంటాడు. కాలు విరగ్గొట్టుకో అని! మన ఊళ్ళో "నీ కాలు విరగ" అంటే మర్నాడు పంచాయితీ పెట్టాల్సి వస్తుంది. ఫ్రెంచి నటులు అదే సందర్భంలో ఒకరికొకరు చెప్పుకునే మాటను ఈ సభలో పలకలేను. పైన చెప్పిన కుక్క సంగతే అని మాత్రం అనగలను. శుభం కోరడానికి అశుభం పలకడం అక్కడి నటుల ఆనవాయితీ.

మరొకటి జాగ్రత్తగా చెప్పాలి. రెండుసార్లు తప్పినవాడికి ధైర్యం చెప్పడానికి ఇంగ్లీషులో "థర్డ్ టైమ్ లకీ" అంటారు. మూడోసారి కలిసొస్తుందని. ఫ్రెంచిలో, రెండు జరిగితే మూడోది జరగక మానదు అనే సామెత ఉంది. చాలాసార్లు దాన్ని చెడు జరిగినప్పుడే అంటారు. పరీక్ష రెండుసార్లు తప్పిన కుర్రవాడికి ఫ్రెంచి పిల్ల తన సామెతను ఇంగ్లీషులో పెట్టి చెప్పిందనుకోండి, "నువ్వు మళ్ళీ తప్పుతావు" అని చెప్పినట్టే. మంచి మనసుతో అన్న మాట శాపంగా చేరుతుంది. మనం "ముచ్చటగా మూడోసారి" అంటాం. అది ఎవరు ఎలా అన్నారో గొంతును బట్టి తెలుసుకోవాలి.

అందుకని పిల్లకు నేనొక పద్ధతి చెప్పాను. ఇక్కడ మనవలకు ఇంగ్లీషు చెప్పేవారికి కూడా పనికి వస్తుంది. నోటికి వచ్చిన మాటను అలాగే ఇంగ్లీషు చేయవద్దు. ముందు సందర్భాన్ని ప్రశ్నించాలి. మంచో చెడో నీ ప్రయత్నం లేకుండా వచ్చి పడిందా? అయితే లక్. ఇంకా జరగలేదు, జరగవచ్చునా? అయితే ఛాన్స్. ఎవరైనా నీకు వీలు కల్పించారా? అదీ ఛాన్సే. అనుకోకుండా జరిగింది, మంచీ కాదు చెడూ కాదా? అప్పుడు "బై ఛాన్స్". తెగించి ముందుకు దూకితే "టేక్ ఎ ఛాన్స్". ఫలితం దైవాధీనమని ప్రయత్నిస్తే "ట్రై యువర్ లక్". పిల్ల ఈ నాలుగు ప్రశ్నలూ పలక మీద రాసుకుంది. నేను గొప్ప గురువునని మురిసిపోయాను. ఆ మురిపెం వారం కూడా నిలవలేదు.

వెళ్ళబోయే ముందు దాన్ని నా గురించి ఇంగ్లీషులో ఒక వ్యాసం రాయమన్నాను. బాగానే రాసింది. చివర, "మా తాతకు జీవితంలో చాలా ఛాన్స్ దొరికింది" అనే అర్థంతో ఒక వాక్యం పెట్టింది. మళ్ళీ అదే తప్పు! ఎర్ర పెన్నుతో కొట్టేసి, "చాలా అదృష్టవంతుడు" అనే అర్థం వచ్చేలా "వెరీ లకీ" అని దిద్దాను. "ఎందుకు తాతా? ఈసారి నేను ఇంగ్లీషు ఛాన్సే రాశాను" అంది. నిరూపిస్తాను కూర్చో అని, నా అదృష్టం కథ చెప్పాను. మీలో కొందరికి తెలుసు, తెలియనివారి కోసం చెబుతాను.

1962 సంగతి. అప్పుడు మన గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలో ఉంది. మాది సగిలేటి పక్కన చిన్న పల్లె. అంతా మెట్ట. కొర్రలు, ఆముదాలు, వాన పడితే తిండి. మా అన్న నాకంటే రెండేళ్ళు పెద్ద, గిద్దలూరులో ఉండి ఏడో తరగతికి వచ్చాడు. నేను ఊళ్ళో ఐదు పూర్తిచేశాను. ఆ ఏడు వాన పడలేదు. మా నాయన ఇద్దర్నీ కూర్చోబెట్టి, "ఒకడికే పెట్టగలను, ఒకడు నాతో చేలోకి రావాల" అని చెప్పి, మా మొహాలు చూడలేక లేచి పోయాడు.

అన్న నాయన సంచిలోంచి పావలా బిళ్ళ తెచ్చాడు. "సింహాలు పడితే నువ్వు, అంకె పడితే నేను" అని ఎగరేశాడు. సింహాలు పడ్డాయి. ఆ ఏడు నుంచి నేను బడికి, అన్న చేనికి. నేను చదివాను, మాస్టరునయ్యాను, పెన్షన్ తీసుకుంటున్నాను. అన్న ఈనాటికీ ఆకాశం కేసి చూస్తున్నాడు. అరవై ఏళ్ళుగా ఈ కథ ఎవరికి చెప్పినా చివర "అదీ నా అదృష్టం" అని ముగిస్తాను. పిల్లకూ అలాగే ముగించాను. "బొమ్మా బొరుసా మన చేతిలో ఉండదు. అందుకే అది లక్" అన్నాను.

పిల్ల కాసేపు పలక చూసుకుంది. తర్వాత అడిగింది: "పెద్దతాత అప్పటికే హైస్కూల్లో ఉన్నాడు కదా తాతా? సీటు ఆయనదే కదా? మరి నాణెం ఎందుకు ఎగరేశాడు?"

అయ్యా, అరవై ఏళ్ళలో ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. నిజమే. పెద్దవాడు అన్న. చదువుతున్నవాడు అన్న. ఎగరేయకపోతే న్యాయంగా ఆ బడి అన్నదే. చిన్నవాణ్ణి నేను చేలోకి పోవలసినవాణ్ణి. ఎవరూ అడగకుండా అన్న తన చేతిలో ఉన్నదాన్ని సగం చేసి గాలిలోకి ఎగరేశాడు. సింహాలు పడటం నా అదృష్టం, కాదనను. కానీ నాణెం ఎగరడం అదృష్టం కాదు. అది మా అన్న ఇచ్చిన అవకాశం. ఛాన్సు! పిల్ల రాసిందే సరైన ఇంగ్లీషు. మాట పొందికలో ఒక చిన్న సవరణ చేసి, "మా తాతకు ఒకరు ఛాన్స్ ఇచ్చారు" అని ఉంచాను. నేను దిద్దిన "లకీ"ని నేనే కొట్టేశాను. నా ఉద్యోగంలో నా దిద్దుబాటును నేను దిద్దుకున్నది అదే మొదలు.

మర్నాడు పిల్లను తీసుకుని పల్లెకు పోయాను. అన్న వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఎందుకు ఎగరేశావన్నా అని అడిగాను. కాసేపు నా వంక చూసి, "నాకు ఆ ఏడు లెక్కలు తలకెక్కలేదులేరా" అని మాట తప్పించాడు. లెక్కలు తలకెక్కకపోవడమా! ఈనాటికీ ఎన్ని బస్తాలకు ఎంత కమీషను, ఎంత కూలి అని కాగితం లేకుండా నోటితో చెప్పేవాడు మా అన్న. నేను మారుమాట్లాడలేదు. పిల్ల మాత్రం వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, "పెద్దతాతా, థాంక్యూ" అంది. "ఎందుకమ్మా?" అన్నాడు. దానికి తెలుగులో చెప్పడం చేతకాలేదు. నాకూ చేతకాలేదు.

మిత్రులారా, ఇదంతా ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, మనం ఈ రోజును జరుపుకోవడం వెనక కూడా ఇదే కథ ఉంది. కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కను మెరుగుపరిచినప్పుడు 1979 మార్చి 31ని గీతగా పెట్టింది. ఆ రోజునో ఆ తర్వాతో రిటైరైనవారికి కొత్త లెక్క, అంతకుముందు రిటైరైనవారికి పాత లెక్క. ఒక్క రోజు తేడా. ముందు పుట్టడం దురదృష్టం, తర్వాత పుట్టడం అదృష్టం! 1972లో రక్షణ శాఖ నుంచి రిటైరైన డి.ఎస్. నకారాగారు దీన్ని తలరాత అని సరిపెట్టుకోలేదు. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న ఆ గీతను చెరిపేసింది. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని చెప్పింది. అందుకే డిసెంబరు 17 మన పండుగ.

"మీకేం సార్, అదృష్టవంతులు, పాత పెన్షన్ వస్తుంది" అని కుర్ర ఉద్యోగులు మనతో అంటుంటారు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారిని వాటాల పద్ధతిలో పెట్టారు. మళ్ళీ ఒక తేదీ, మళ్ళీ ఒక గీత. వాళ్ళు అలా అన్నప్పుడు మనం నవ్వి "అవును నాయనా, మా అదృష్టం" అని తల ఊపుతాం. ఇకముందు అలా ఊపవద్దని నా మనవి. మనకు ముందు నడిచినవారు పోట్లాడి మనకు ఇచ్చిన దాన్ని అదృష్టం అంటే వాళ్ళ పేరు చెరిపేసినట్టు. అదృష్టం అంటే కనిపించనిది అని కదా అర్థం. ఇచ్చినవాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. మనం చూడటం లేదంతే.

ఇంటికి వెళ్ళాక మీరూ ఒకసారి లెక్క వేసుకోండి. మీ జీవితంలో అదృష్టం అనుకున్నవాటిలో నిజంగా పైనుంచి పడినవి ఎన్ని, ఎవరో ఒకరు తమ చేతిలోది గాలిలోకి ఎగరేస్తే వచ్చినవి ఎన్ని. ఆ మనిషి ఇంకా ఉంటే, పోయి పక్కన కూర్చోండి. మాట రాకపోయినా పరవాలేదు.

నా పాఠం అయిపోయింది. ఎవరూ నిద్రపోలేదు, అది మాత్రం నా అదృష్టమే.